డూప్ రాణి కుడిచెంప

ఆమెతో అతను మాట్లాడిన మొదటి మాట "కదలకండి". రెండో మాట కూడా అదే. మూడోది మాత్రం కాస్త మారింది.

"కదిలారు," అన్నాడు.

"నేనేం కదల్లేదండీ, ఊపిరి పీల్చానంతే."

"కొంచెం తక్కువ పీల్చండి."

ఇంత మర్యాదగా ఊపిరి మానెయ్యమన్న మనిషిని ఆమె తన ఇరవై తొమ్మిదేళ్ల జీవితంలో చూడలేదు. మీద మూడు కేజీల రాణి బట్టలున్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సింహాసనం మీంచి లేచి నాలుగు దులిపేసి ఇంటికి పోయేది. పోలేదు. ఆ రోజే మనసులో అతనికి 'కదలకండిగారు' అని పేరు పెట్టుకుంది. పెట్టుకుని, ఏడు నెలలు కదలకుండా కూర్చుంది.

సంగతేమిటంటే, అదొక టీవీ సీరియల్. ముసలి రాజు పిల్లల్లేకుండా పోతాడు. ఆయన చనిపోయిన తమ్ముడి కూతురు పద్దెనిమిదేళ్లకే రాణి అవుతుంది. కిరీటం బరువు, మంత్రుల గూడుపుఠాణీ, బాబాయి పెత్తనం, వీటి మధ్య ఆ పిల్ల మొదటి ఏడాది ఎలా నెట్టుకొచ్చిందన్నదే కథ. ఆ ఒక్క ఏడాదినీ వీళ్లు ఏడు నెలలుగా తీస్తూనే ఉన్నారు. నిజంగా రాజ్యమేలిన రాణులు కూడా ఇంత అలసిపోయి ఉండరు. వాళ్లకి రీటేకులు లేవు కదా మరి.

రాణి వేషం వేసే అమ్మాయికి పందొమ్మిదేళ్లు. యూనిట్ అంతా చిన్నరాణి అనేవారు. ఆ అమ్మాయి మేకప్ గదిలోంచి బయటికి రాకముందే సీన్‌కి లైట్లు పెట్టేసి ఉంచాలి. ఖాళీ కుర్చీకి లైట్లు పెడితే ముఖం మీద నీడ ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుస్తుంది? అందుకని అదే ఎత్తు, అదే రంగు ఉన్న ఇంకో మనిషిని రాణి బట్టల్లో కూర్చోబెడతారు. లైట్లు కుదరగానే ఈ మనిషి లేచిపోతుంది, అసలు రాణి వచ్చి కూర్చుంటుంది. ఆ లేచిపోయే మనిషే మన కథలో అమ్మాయి. అందరూ కలిసి పెట్టిన పేరు డూప్ రాణి. కెమెరా ముందు చిన్నరాణి కంటే నాలుగింతలు ఎక్కువసేపు కూర్చున్నా, సీరియల్‌లో ఆమె చిటికెనవేలి గోరు కూడా కనబడలేదు.

ఇక కదలకండిగారు. అతను లైట్ల చీఫ్. ముప్పై దాటి రెండో మూడో అయ్యుంటాయి. మెడలో వెలుగు కొలిచే మీటరు, నడుముకి చేతితొడుగులు. నోట్లో నాలుక లేదు. ఉన్న కాస్త నాలుకా పైన చెక్కల మీద నిలబడి లైట్లు తిప్పేవాళ్లకి "ఎడమకి, ఇంకొంచెం, చాలు" అని చెప్పడానికే అరిగిపోతుంది. ఆమెతో అతనికున్న సంభాషణంతా నాలుగు మాటలు. కదలకండి. గడ్డం పైకి. గడ్డం కిందికి. అయిపోయింది, లేవండి.

అయినా రోజూ ఆరేసి గంటలు, ఏడు నెలల పాటు, ఒక మగవాడు మూడడుగుల దూరం నుంచి ముఖంలోకి చూస్తే ఏ ఆడపిల్లకైనా ఏదో ఒకటి వస్తుంది. కోపమైనా వస్తుంది, ఇంకోటైనా వస్తుంది. ఆమెకి ముందు మొదటిది వచ్చింది. రెండోది ఎప్పుడొచ్చిందో తెలీదు. ఒకసారి ఫ్యాను గాలికి ఆమె జుట్టు ఎగిరి మీటరు మీద పడింది. అతను చేత్తో తియ్యలేదు. మెల్లగా ఊదాడు. ఆ ఊదడం గురించి ఆమె రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు అతను సరిగ్గా అలాగే కుండీలోని ప్లాస్టిక్ పువ్వుల మీద దుమ్ము ఊదుతుంటే చూసి, తన చెంప తనే వాయించుకోవాలనుకుంది.

ఆమె ఉండేది అక్కాబావల ఇంట్లో, కుట్టుమిషను గదిలో. తెల్లారకముందే లేచి పోవడం, ఒళ్లు హూనం చేసుకుని రావడం, మిషను పక్కన మంచం మీద వాలిపోవడం. రోజంతా కూర్చునే ఉద్యోగానికి ఇంత అలసటేమిటని బావకి పెద్ద అనుమానం.

"కూర్చున్నందుకే ఇంత నీరసమైతే, మరి నిలబడేవాళ్ల గతేమిటమ్మా?"

"కదలకుండా ఒక గంట కూర్చుని చూడండి బావా, తెలుస్తుంది."

"పెళ్లైన దగ్గర్నుంచీ నాది అదే పని. మీ అక్క ముందు కదిలే ధైర్యం నాకెక్కడిది?"

"వినబడుతోంది," అంది అక్క వంటింట్లోంచి.

బావకి కళ్లజోళ్ల కొట్టుంది. కౌంటర్లో కూర్చునే అమ్మాయి ఈ నెలాఖరుకి మానేస్తోంది. ఆ సంగతి చెప్పి, "ఒకటో తారీకు నుంచి నువ్వొచ్చెయ్," అన్నాడు. "ఎలాగూ కూర్చునే పనే కదా. మా కొట్లో కూర్చుంటే కనీసం నలుగురూ నీ ముఖంలోకి చూస్తారు. చూపున్నవాడు ఒకలా, లేనివాడు ఒకలా."

బావ నవ్వులాటకే అన్నాడు. ఆమెకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

ఆ రాత్రి పక్క వేస్తూ అక్క మెల్లగా అడిగింది. "నిజం చెప్పు. చిన్న వేషమైనా ఇస్తామన్నారు, ఇచ్చారా? ఏడు నెలలైంది. అసలక్కడ నిన్ను చూసేవాళ్లెవరైనా ఉన్నారా?"

ఉన్నారు అనాలనిపించింది. ఎవరే అంటే ఏం చెప్పాలి? లైట్లతను అని చెప్పాలా? అతను చూసేది తననా, తన మీద పడే వెలుగునా? కుర్చీలో తన బదులు ఓ బియ్యం బస్తాని పెట్టినా అతను అంత శ్రద్ధగానూ చూస్తాడేమో!

ఆమె మరి వాదించలేదు. శనివారంతో మానేస్తానంది. ఒంట్లో ఓపిక లేదు, మనసులో అంతకన్నా లేదు. అయితే ఒక్క సంగతి తెలుసుకోకుండా వెళ్లాలని లేదు. ఏడు నెలలు ఆ మనిషి చూసింది తననేనా? అవునంటే ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. తెలీకుండా వెళ్లిపోతే మాత్రం జీవితాంతం ఏ దీపం కింద కూర్చున్నా అదే గుర్తొస్తుందని భయం వేసింది.

గురువారం పొద్దుట్నుంచీ వాన. హుషారుగా కురిసే వాన కాదు, డ్యూటీ ఎక్కిన ఉద్యోగిలా ఈసురోమంటూ పడుతోంది. స్టూడియో రేకుల మీద ఆ చప్పుడుకి సగం యూనిట్ కునుకు తీస్తోంది. ఆ రోజు తీసేది రాణిగారి మొదటి కొలువు సీను. పెత్తనమంతా తన చేతుల్లో పెట్టమని బాబాయి కాగితం తెచ్చి తల వంచుతాడు. రాణి సంతకం పెట్టనంటుంది.

ఆమె సింహాసనం మీద కూర్చుని ఉంది. అతను మీటరు పట్టుకుని చెంప దగ్గరికి వచ్చాడు.

"శనివారంతో నేను మానేస్తున్నానండీ," అంది. పెదాలు తప్ప ఇంకేదీ కదపకుండా మాట్లాడటం ఆమె ఈ ఏడు నెలల్లో నేర్చుకున్న విద్య.

మీటరు గాల్లో ఆగింది.

"ఎక్కడికి?"

"మా బావ కొట్టుకి. కళ్లజోళ్లు అమ్ముతా."

"ఓహో."

ఆమె ఎదురు చూసింది. అతను మీటరుకేసి చూశాడు, పైకప్పుకేసి చూశాడు, మళ్లీ మీటరుకేసి చూశాడు.

"గడ్డం కొంచెం కిందికి," అన్నాడు.

దున్నపోతు మీద వాన కురిసినట్టే! ఆమె గడ్డం దించింది. అడిగినదానికంటే ఎక్కువే దించింది, కళ్లలో నీళ్లు అతనికి కనబడకూడదని. బాగా అయింది నీకు, అనుకుంది. ఇంత ముసుగులో గుద్దులాట దేనికి, ఇంటికి పోయి హాయిగా కళ్లజోళ్లు తుడుచుకోక?

తర్వాత అతనేదో చాలాసేపు తంటాలు పడ్డాడు. ఇరవై నిమిషాల పని యాభై నిమిషాలైనా తెమల్లేదు. పెద్ద లైటుని ఆ పక్క నుంచి ఈ పక్కకి లాగించాడు. చిన్న లైటొకటి తెప్పించి నేలకి దగ్గరగా పెట్టించాడు. దాని ముందు తెల్లగుడ్డ కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. ఆమె అదేదీ పట్టించుకోలేదు. డైరెక్టర్ మాత్రం మైకులో అరుస్తూనే ఉన్నాడు.

"అయ్యిందా బాబూ? అది తెమిలేలోపు ఆ రాణి ముసల్దైపోయేలా ఉంది!"

"అయిపోయింది, లేవండి," అన్నాడు అతను చివరికి.

ఆమె అతనికేసి చూడకుండా లేచింది. చిన్నరాణి ఆవలిస్తూ, పావడా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని వచ్చింది. ఆ పిల్లకి నిద్ర చాలక నెలలైంది. నిలబడి నిద్రపోవడం కూడా వచ్చేసింది.

"కుర్చీ వెచ్చగా ఉంచావా అక్కా? మా బంగారం! నువ్వెళ్లిపోతే నేను చల్లటి కుర్చీలో కూర్చోవాలి," అంది.

కెమెరా తిరిగింది. బాబాయి వేషం వేసిన పెద్దాయన తల వంచాడు. చిన్నరాణి గొంతు సవరించుకుంది.

"మీరు తల వంచింది నాకా బాబాయ్, ఈ కిరీటానికా?"

"కట్! కట్!" డైరెక్టర్ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. "ఏవిటిది? రాణి కళ్ల కింద ఆ మంటేవిటి? ఆ దవడేవిటి? ఈ అమ్మాయికి ఎడమ నుంచి కదా లైటు పెట్టాలి! కుడివైపు వద్దని కాంట్రాక్టులోనే రాశారు కదయ్యా! ఎక్కడ మన లైట్ల చీఫ్?"

అతను వచ్చి మానిటర్ చూశాడు.

"మారుస్తానండి. పది నిమిషాలు."

"మారుద్దువుగానిలే. ముందిది చెప్పు. ఏడు నెలల్లో పడని తప్పు ఇవాళెందుకు పడింది? ఎవరికి పెట్టావయ్యా ఈ లైటు?"

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

చిన్నరాణి కూడా వచ్చి మానిటర్‌లోకి తొంగిచూసింది. "బాబోయ్! నేనేమిటి, దెయ్యంలా ఉన్నాను!" అంది. అంటూనే ఏదో తట్టినట్టు ఆగింది. స్తంభం పక్కన నిలబడ్డ డూప్ రాణికేసి చూసింది. అతనికేసి చూసింది. పందొమ్మిదేళ్లదే గానీ బుర్ర చురుకైంది.

"అక్కా, ఒక్కసారి వచ్చి కూర్చో."

"ఎందుకమ్మా?"

"కూర్చోవే అక్కా, అన్నీ కావాలి నీకు!"

ఆమె వెళ్లి కూర్చుంది. డైరెక్టర్ ఏదో అనబోయి నోరు మూశాడు. బాబాయి వేషం పెద్దాయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మానిటర్ మీదికి వంగాడు. "అదీ సంగతి!" అన్నాడు. వాన ఒక్కటే తన పని తాను చేసుకుపోతోంది.

ఆమెకి అయోమయంగా ఉంది. అక్కడేం కనబడుతోందో ఎలా చూడటం? కుర్చీలో కూర్చుంటే మానిటర్ కనబడదు. లేచి మానిటర్ దగ్గరికొస్తే కుర్చీలో తను ఉండదు. ఏడు నెలలుగా ఇదే తంతు.

"ఒక పది సెకన్లు రికార్డ్ చెయ్యండి," అంది చిన్నరాణి. డైరెక్టర్ వద్దనలేదు. అదే ఆ రోజుకి పెద్ద వింత.

రికార్డయ్యాక ఆమె వచ్చి చూసింది.

రోజూ పొద్దున అద్దంలో రెండు గుంతల్లా కనబడే కళ్లు అవి. అడుగున పెట్టిన చిన్న లైటుకి వాటిలో తడి మెరుస్తోంది. కుడిచెంప మీద, నవ్వకపోయినా, చిన్న సొట్ట ఉంది. అక్కడ సొట్ట ఉందని ఆమెకే ఎప్పుడూ తెలీదు. ఎడమవైపంతా మెత్తటి నీడ. అలసట ఎక్కడికీ పోలేదు, ఏడు నెలల అలసటా ఆ ముఖంలోనే ఉంది. అలసిపోయిన మనిషి ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు. ఆ మనిషి తనేనని నమ్మడానికి పది సెకన్లు చాల్లేదు. మళ్లీ వెయ్యమని అడగటానికి సిగ్గేసింది.

"బాగుంది," అన్నాడు డైరెక్టర్, గొంతు తగ్గించి. వెంటనే మళ్లీ పెంచి, "బాగుంది కాబట్టి తీసెయ్! రాణికి రాణి లైటు పెట్టు! ఎలాగూ ఈ వాన చప్పుడులో మాటలు వినబడి చావవు. అందరూ టీ తాగి రండి!" అన్నాడు.

అతను రాజభవనం వెనక్కి పోయాడు. ముందు నుంచి చూస్తే అది పాలరాయి, వెనక నుంచి చూస్తే ప్లైవుడ్, మేకులు. అక్కడ కూర్చుని వైరు చుడుతున్నాడు. ఆమె రాణి బట్టల్లో, హవాయి చెప్పుల్లో టపటపలాడుతూ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఏమిటది?"

"పొరపాటు."

"ఏం పొరపాటు?"

"ఎడమ నుంచి పెట్టాల్సింది కుడి నుంచి పెట్టాను."

"అది డైరెక్టర్‌గారు చెప్పారు. ఎందుకు పెట్టారో చెప్పండి."

అతను వైరు చుట్టడం ఆపాడు.

"మీ ఎడమ కన్ను అలసిపోతే కొంచెం వాలుతుంది. పొద్దున బాగానే ఉంటుంది, భోజనాలయ్యాక వాలుతుంది. కుడివైపు అలా కాదు. ఆ సొట్ట మొదటి వారంలోనే చూశాను. రాణికి ఎడమ లైటు కాబట్టి అది నీడలో పడిపోయేది. రోజూ దాన్ని నేనే చీకట్లోకి తోసేవాణ్ణి. శనివారం వెళ్లిపోతానన్నారు. ఒక్కసారి వెలుగులో చూసి మార్చేద్దామనుకున్నా." వైరు కింద పెట్టాడు. "చూశాను. మార్చడం మర్చిపోయాను."

ఇన్ని మాటలు ఈ మనిషి నోట్లో ఎక్కడ దాక్కున్నాయి? సంతోషించాల్సింది. కానీ ఏడు నెలల కడుపుమంట ఒక్క మాటతో చల్లారుతుందా?

"మరి ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదు?"

"నేను మాట్లాడితే మీరు నావైపు తిరుగుతారు. తిరిగితే లైటు పోతుంది."

"చూశారా! మళ్లీ లైటే!" ఆమె గొంతు లేచింది. "మీరు ఏ గదిలోకొచ్చినా ముందు పైకి చూస్తారు. కప్పు, కిటికీ, బల్బు. మనుషులు ఆ తర్వాత. ఇంత చక్కటి లైటు పెడితే అదిగో, ఆ ప్లైవుడ్ స్తంభం కూడా అందంగానే ఉంటుంది. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. మీకు నచ్చింది నేనా, మీ పనా?"

ఇంకొకడైతే ఠకీమని "మీరే" అనేసేవాడు. అంటే కథ అక్కడితో సుఖంగా ముగిసేది. ఈ మహానుభావుడు ఆలోచించాడు. నిజంగా కూర్చుని, నుదురు ముడిచి, ఆలోచించాడు.

"తెలీదండి," అన్నాడు. "మిమ్మల్ని నేను లైటు లేకుండా ఎప్పుడూ చూడలేదు."

"నిజం చెప్పారు. సంతోషం," అని ఆమె వెనక్కి తిరిగింది. హవాయి చెప్పులు టపటపలాడకుండా నడుద్దామనుకుంది గానీ వాటికి ఆ మర్యాద తెలీదు.

శనివారం వచ్చింది, పోయింది. చిన్నరాణి కావలించుకుని మేకప్ అంతా పాడుచేసుకుంది. అతను చివరి షాటుకి "అయిపోయింది, లేవండి" అన్నాడు. ఆమె లేచింది.

కళ్లజోళ్ల కొట్లో పని బాగానే ఉంది. వచ్చినవాళ్ల ముఖాలు దగ్గర్నుంచి చూడటం, ముక్కు మీద ఫ్రేము సరిచెయ్యడం, అద్దం చూపించడం. బావ చెప్పినట్టే అందరూ ఆమె ముఖంలోకి చూసేవారు. చూసి, "కొంచెం బిగుతుగా ఉందమ్మా," అనేవారు. కొట్టునిండా అద్దాలు. ఎటు తిరిగినా తన ముఖమే. ఏ అద్దంలోనూ ఆ కుడిచెంప అలా లేదు.

నాలుగో రోజుకి అక్క ఆమె నోట్లోంచి కథంతా లాగేసింది. విని, చేటలో ఏరుతున్న పప్పు పక్కన పెట్టింది.

"తెలీదన్నాడా? ఆ మాట అన్నాడా?"

"అన్నాడు."

"మంచివాడేనే. తెలీదని ఒప్పుకునే మగాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. మీ బావని అడుగు, ఆయనకి తెలియంది ఈ భూమ్మీదే లేదు."

"వినబడుతోంది," అన్నాడు బావ ముందుగదిలోంచి.

"మంచివాడైతే నాకేం, చెడ్డవాడైతే నాకేం? వచ్చాడా? కబురు పెట్టాడా?" అంది ఆమె. అని, ఆ రాత్రి నిద్రపోలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం నాలుగింటికి మళ్లీ ఆ ఈసురోమనే వానే. ఆమె ఒక ముసలావిడ ముక్కు మీద కళ్లజోడు సరిచేస్తోంది. భుజం మీద తుడుపుగుడ్డ, రేగిన జుట్టు, భోజనం తర్వాత కళ్లు వాలిపోయే వేళ. తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. మెడలో మీటరు లేదు కాబట్టి ఒక్క క్షణం ఆమె గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చేతిలో కళ్లజోడు వంకరైంది.

"చూపు పరీక్షా, ఫ్రేమా?" అన్నాడు బావ, చిన్న స్క్రూ బిగిస్తూ తలెత్తకుండానే.

"రెండూ కాదండి."

"గొడుగుల కొట్టు పక్కది."

"ఆవిడ కోసం వచ్చాను."

బావ తలెత్తి ముసలావిడకేసి చూశాడు. "మీ అబ్బాయా అమ్మా?"

"నేనెరగను నాయనా," అంది ముసలావిడ.

"మీ మరదలి కోసమండి," అన్నాడతను.

బావ చేతిలో స్క్రూ జారి కౌంటరు కిందికి దొర్లింది. ఆయన వెతకలేదు. "ఏం చేస్తుంటావ్ బాబూ?"

"లైట్లు పెడతాను."

"ఓహో! ఆ 'తెలీదు' నువ్వేనా!"

"బావా!" అంది ఆమె. తర్వాత అతనివైపు తిరిగింది. "ఎందుకొచ్చారు?"

అతను తడిసిన చొక్కాతో అక్కడే, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కొట్టు ఎక్కడో చిన్నరాణిని అడిగి, దారంతా వల్లెవేసుకుంటూ వచ్చినట్టున్నాడు, తడుముకోకుండా మొదలుపెట్టాడు.

"ఆ కుర్చీలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటోంది. అదే ఎత్తు, అదే రంగు. మీరన్న మాట తేల్చుకుందామని, ఒకరోజు అందరికంటే ముందొచ్చి ఆ అమ్మాయికి అదే లైటు పెట్టాను. కుడి నుంచి పెద్దది, కింద చిన్నది, ముందు తెల్లగుడ్డ. అన్నీ కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాను."

"బాగుందా?"

"లైటు బాగుంది." అన్నాడతను. "నేను ఒక్క నిమిషం కూడా చూడలేకపోయాను. బయటికొచ్చేశాను. బాగున్న లైటు మీంచి నేను చూపు తిప్పుకోవడం ఈ పదేళ్ల సర్వీసులో అదే మొదటిసారి."

ముసలావిడ కళ్లజోడు సంగతి మర్చిపోయి ఇద్దరినీ మార్చిమార్చి చూస్తోంది. ఆమె మాత్రం పట్టు వదల్లేదు.

"అది సగం జవాబే. ఇంకో అమ్మాయి నచ్చలేదంటే నేను నచ్చినట్టేనా?"

"కాదండి. అందుకే వచ్చాను. మిమ్మల్ని మామూలుగా, మీ పనిలో మీరుండగా ఒకసారి చూద్దామని."

"చూశారా?"

"వచ్చిన దగ్గర్నుంచీ అదే పని కదా చేస్తున్నాను."

బావ ఇక పట్టలేకపోయాడు. మధ్యలో దూరకపోతే ఆయనకి తిన్నది అరగదు. "అది సరే గానీ లైట్లబ్బాయీ, వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, మా కొట్లో లైటింగ్ ఎలా ఉందో చెప్పు. కస్టమర్లందరూ ముఖాలు పచ్చబడ్డాయని గోల పెడుతున్నారు."

అప్పుడు పైకి చూశాడతను. కప్పుకి రెండు ట్యూబులైట్లున్నాయి. ఒకటి రెండు చివర్లా నల్లబడి, ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఇంకొకటి అందరి ముఖాలనీ కామెర్ల రోగుల్లా చేసి చూపిస్తోంది.

"అయ్యయ్యో!" అన్నాడు, నిజంగా దెబ్బ తగిలినవాడిలా. "ఇదేమిటండీ, ఇంత ఘోరంగా ఉంది! ఎప్పట్నుంచి కొట్టుకుంటోందిది?"

"నెల రోజులైంది! నువ్వొచ్చి పావుగంటైంది, ఇప్పుడా కనబడింది? ఏం లైట్ల చీఫ్‌వయ్యా నువ్వు!"

అతను బిక్కముఖం వేశాడు. "చూడలేదండీ," అన్నాడు. "అసలు చూడనేలేదు."

అన్నాక గానీ తనేమన్నాడో అతనికి అర్థం కాలేదు. ఆమెకి మాత్రం ముందే అర్థమైంది. ఆ పచ్చటి పాడు వెలుగులో, వాలిన కంటితో, రేగిన జుట్టుతో తను అచ్చం తనలాగే ఉంది. ఇంతకన్నా అందవికారంగా ఈ పదకొండు రోజుల్లో ఏ అద్దంలోనూ కనబడలేదు. పావుగంట సేపు అతను చూసింది దీన్నే. ఆమెకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. భుజం మీది తుడుపుగుడ్డ తీసి రెండింటినీ కలిపి తుడుచుకుంది.

"బావా, అక్కకి ఫోన్ చెయ్యండి," అంది.

"ఏమని చెప్పమంటావ్?"

"తెలీదన్నాయనకి తెలిసిందట, సాయంత్రం ఇంటికొస్తున్నాడని చెప్పండి."